పోయినవారి పేరు మీద: హైదర్‌గూడ చుట్టుపక్కల విశేషాలు

హైదర్‌గూడ నుంచి బయల్దేరితే నారాయణగూడ, చిక్కడపల్లి, అశోక్‌నగర్ అన్నీ నడిచి వెళ్లగలిగినంత దగ్గర. ఈ దారుల్లో బడులు, కాలేజీలు, సభామందిరాలు, గ్రంథాలయాలు చాలా ఉన్నాయి. వాటిలో ఎన్నింటి మీదో మనుషుల పేర్లుంటాయి. ఆటో డ్రైవరుకు దారి చెప్పడానికీ, పిల్లల ఫీజు కట్టడానికీ ఆ పేర్లు రోజూ పలుకుతూనే ఉంటాం. ఆ పేరున్న మనిషి ఎవరు, ఆ పేరు అక్కడ పెట్టాలని తపించింది ఎవరు అని ఆరా తీస్తే ఒక కొడుకో, ఒక భార్యో, ఒక స్నేహితుడో బయటపడతారు. వాళ్లలో కొందరి సంగతులు ఇవి. వాటితోపాటు పెద్దల పేరున పెట్టడం, పంచడం మన దగ్గర ఎన్ని తీరుల ఉందో కూడా చూద్దాం.

తండ్రి పేరున బడి

నారాయణగూడలో కేశవ్ మెమోరియల్ అంటే ఎవరైనా దారి చూపిస్తారు. ఆ కేశవ్ పూర్తి పేరు కేశవరావు కోరట్కర్. 1867లో మరాఠ్వాడాలో పుట్టారు. న్యాయవాదిగా పేరు తెచ్చుకుని నిజాం కాలపు హైదరాబాద్ హైకోర్టులో న్యాయమూర్తి అయ్యారు. ఆర్యసమాజంలో పెద్ద తలకాయ. చదువంటే ప్రాణం పెట్టిన మనిషి, నగరంలోని వివేకవర్ధిని విద్యాసంస్థను నిలబెట్టిన పెద్దల్లో ఒకరు. 1932లో కన్నుమూశారు.

ఆయన కొడుకు బారిస్టర్ వినాయకరావు విద్యాలంకార్. హరిద్వార్ దగ్గరి గురుకుల కాంగడీలో చదువుకున్నందుకు వచ్చిన బిరుదు పేరులో భాగమైపోయింది. తండ్రి పోయిన ఎనిమిదేళ్లకు, 1940లో, ఆయన జ్ఞాపకార్థం కేశవ్ స్మారక విద్యాసంఘం మొదలైంది. ఆ ఎనిమిదేళ్లు ఎలాంటివో గుర్తు చేసుకోవాలి. సభ పెట్టుకోవాలన్నా సర్కారు అనుమతి కావలసిన రోజులు. 1938, 39లలో ఆర్యసమాజ సత్యాగ్రహం జరిగి, వేలమంది జైళ్లకు వెళ్లారు. ఆ వేడి పూర్తిగా చల్లారక ముందే తండ్రి పేరున బడి పెట్టారంటే అది మామూలు సాహసం కాదు. వినాయకరావు తర్వాత బూర్గుల రామకృష్ణారావు మంత్రివర్గంలో మంత్రి అయ్యారు, 1957లో హైదరాబాద్ నుంచి లోక్‌సభకూ ఎన్నికయ్యారు. ఆ పదవుల సంగతి ఇప్పుడు చరిత్ర చదివేవాళ్లకే తెలుసు. తండ్రికి పెట్టిన బడి మాత్రం కాలేజీలుగా కూడా విస్తరించి, ఇవాళ్టికీ పొద్దున్నే గంట కొడుతోంది.

చప్పట్లతో మొదలైన కథ

మాడపాటి హనుమంతరావు బాలికల పాఠశాల కూడా నారాయణగూడలోనే ఉంది. దీని మూలం 1921 నవంబరులో జరిగిన ఒక సభలో ఉంది. నిజాం రాష్ట్ర సంఘసంస్కార మహాసభ వివేకవర్ధిని ప్రాంగణంలో జరుగుతోంది. మహర్షి కార్వే అధ్యక్షులు. ఆలంపల్లి వెంకటరామారావు తెలుగులో మాట్లాడబోతే కొందరు చప్పట్లు కొట్టి, గోల చేసి మాట్లాడనివ్వలేదు. ఆ రాత్రే కొద్దిమంది తెలుగువారు టేకుమాల రంగారావు ఇంట్లో కూర్చుని ఆంధ్రజన సంఘం పెట్టుకున్నారు. వాళ్లలో మాడపాటి ఒకరు.

1928లో ఆయన ఆడపిల్లలకు తెలుగులో చదువు చెప్పే బడి తెరిపించారు. తెలుగు మాధ్యమం కాబట్టి ఇక్కడ గుర్తింపు దొరకలేదు. చివరికి గుర్తింపు ఇచ్చింది ఎవరనుకుంటున్నారు? కార్వే స్థాపించిన మహిళా విశ్వవిద్యాలయమే! తెలుగు గొంతు నొక్కిన సభకు అధ్యక్షత వహించిన మనిషే, తెలుగు ఆడపిల్లల చదువుకు అండ అయ్యారు. ఈ సంగతి తలుచుకున్నప్పుడల్లా నాకు కార్వే మీద గౌరవం రెట్టింపు అవుతుంది. మాడపాటి 1970లో కాలం చేశారు. హైదరాబాద్‌కు తొలి మేయరు, పద్మభూషణుడు, ఆంధ్ర పితామహుడు. ఇన్ని గుర్తింపులున్నా ఆయన పేరు రోజూ వినిపించేది మాత్రం జడలు వేసుకుని బడికొచ్చే ఆడపిల్లల నోట.

కొత్వాలు పేరు మీద మహిళా కళాశాల

నారాయణగూడలోని రెడ్డి కాలేజీ అసలు పేరు రాజా బహద్దూర్ వెంకటరామారెడ్డి మహిళా కళాశాల. 1869లో వనపర్తి సంస్థానంలోని ఒక పల్లెలో పుట్టిన వెంకటరామారెడ్డి, 1920లో హైదరాబాద్ నగర కొత్వాలు అయ్యారు. ఇప్పటి లెక్కలో పోలీసు కమిషనరు. నిజాం పాలనలో ఆ పదవిలో కూర్చున్న తొలి హిందువు ఆయన. 1918లో రెడ్డి హాస్టల్ పెట్టించి, పల్లెల నుంచి వచ్చిన పిల్లలకు పట్నంలో నీడ చూపించారు. 1953 జనవరిలో పోయారు. మరుసటి ఏడాదే, 1954లో, ఈ కాలేజీ వచ్చింది. ఊళ్లను గడగడలాడించే పదవి చేసిన మనిషికి విగ్రహం ఒక్కటి పెట్టి ఊరుకోకుండా ఆడపిల్లల కాలేజీ కట్టారు. అప్పటి పెద్దల ఆలోచన నాకు చాలా గొప్పగా తోస్తుంది.

భార్య నిలబెట్టిన గ్రంథాలయం

నారాయణగూడ నుంచి కాస్త ముందుకు పోతే సుల్తాన్‌బజార్‌లో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్రభాషా నిలయం. 1901లో మొదలైంది. పేరు ఒక చక్రవర్తి స్మృతి. తెలుగు చదువుకు తావులేని రాజధానిలో తెలుగు గ్రంథాలయానికి ఆముక్తమాల్యద రాసిన రాజు పేరు పెట్టుకున్నారు. కొమర్రాజు లక్ష్మణరావు, రావిచెట్టు రంగారావు, మునగాల జమీందారు నాయని వెంకటరంగారావు దీనికి మూలపురుషులు. మొదట నడిచింది రావిచెట్టు రంగారావు ఇంట్లోనే. ఆయన 1910లో పోయారు. ఆయన భార్య లక్ష్మీనరసమ్మ భర్త సేకరించిన పుస్తకాలను నిలయానికి ఇచ్చారు, సొంత భవనం ఏర్పాటుకు విరాళమూ ఇచ్చారు. ఆ రోజుల్లో భర్త పోయిన స్త్రీ నలుగురిలోకి రావడమే కష్టం. ఆమె గురించి విడిగా ఒక పుస్తకం రావాలని నా కోరిక.

కొమర్రాజు 1923లో, నలభై ఆరేళ్లకే వెళ్లిపోయారు. అంతకుముందే హైదరాబాద్‌లో శాసనాలు వెతికి అచ్చువేయడానికి ఒక పరిశోధక సంఘం మొదలై ఉంది. మిత్రులు దానికి లక్ష్మణరాయ పరిశోధక మండలి అని పేరు పెట్టుకున్నారు. తెలంగాణ పల్లెల్లో రాళ్ల మీద ఉన్న రాతలను ‘తెలంగాణా శాసనములు’ పేరుతో పుస్తకంగా తెచ్చింది ఆ మండలే. చరిత్ర పరిశోధన కోసం బతికిన మనిషికి చరిత్ర పరిశోధనతోనే నివాళి ఇచ్చారు.

రుద్రమదేవి ఎప్పుడు పోయిందో చెప్పిన దానం

శాసనాల మాట వచ్చింది కాబట్టి ఈ ముచ్చట చెప్పకుండా ముందుకు పోలేను. నల్లగొండ జిల్లా నకిరేకల్ దగ్గర చందుపట్ల అనే ఊరుంది. అక్కడ 1289 నవంబరు నాటి ఒక శాసనం ఉంది. వేయించినవాడు పువ్వుల ముమ్మడి. రాజు కాదు, సామంతుడు కాదు. కాకతీయ సేనాని మల్లికార్జున నాయకుడి దగ్గర పనిచేసిన మనిషి. తన ఏలిక కాకతి రుద్రమదేవి, తన నాయకుడు మల్లికార్జునుడు శివలోకానికి వెళ్లారని, వాళ్ల పుణ్యం కోసం సోమనాథ దేవుడికి భూమి ఇస్తున్నానని చెక్కించాడు.

రుద్రమ ఎప్పుడు మరణించిందన్నది చాలాకాలం చిక్కుముడిగానే ఉంది. పెద్ద పెద్ద ప్రశస్తి శాసనాలు ఆ మాట చెప్పలేదు. చివరికి ఆ ముడి విప్పింది ఈ చిన్న దాన శాసనమే. పోయిన తన వాళ్లను తలచుకుని ఒక మామూలు మనిషి ఇచ్చిన కొద్దిపాటి భూమి వల్ల మనకు ఒక మహారాణి చివరి రోజులు తెలిశాయి. ఓరుగల్లు తోరణాలు చూసినవాళ్లు ఒక్కసారి చందుపట్లకూ వెళ్లి రావాలి.

పెద్దలకు బియ్యం ఇచ్చే రోజు

భాద్రపద అమావాస్యను మన తెలంగాణ ఇళ్లలో పెత్రమాస అంటాం, పెద్దల అమాస అనీ అంటాం. ఆ పొద్దున చిక్కడపల్లి, నారాయణగూడ కూరగాయల మార్కెట్లలో సందడే వేరు. సొరకాయ, బీరకాయ, గుమ్మడికాయ, చిక్కుడుకాయ, చింతపండు, ఎండుమిర్చి కొని, ఇంట్లోంచి బియ్యం, పప్పు, ఉప్పు, నెయ్యి తీసి, అన్నీ ఒక చాటలోనో పళ్లెంలోనో సర్ది, పైన దక్షిణ పెట్టి ఇస్తారు. దీన్ని పెద్దలకు బియ్యం ఇచ్చుడు అంటారు, స్వయంపాకం అనేది పుస్తకాల మాట. కొన్ని ఇళ్లలో అయ్యగారికి, కొన్ని ఇళ్లలో జంగమయ్యకు ఇస్తారు. ఎవరికిచ్చినా తాత పేరు, ముత్తాత పేరు, అమ్మమ్మ పేరు, గోత్రం చెప్పాలి. కొత్తగా కాపురానికి వచ్చిన కోడలు అత్తగారింటి మూడు తరాల పేర్లు మొదటిసారి పూర్తిగా వినేది చాలా ఇళ్లలో ఆ రోజే.

అంతకుముందు పక్షం రోజులూ మహాలయ పక్షం. పోయిన తిథి తెలిసినవాళ్లు ఆ తిథినాడు చేస్తారు. తిథి తెలియని పెద్దల కోసం, తర్పణం విడిచే దిక్కులేని వాళ్ల కోసం అమావాస్య ఉంది. ఎవరినీ వదిలేయకుండా ఈ ఏర్పాటు చేసిన పూర్వులకు దండం పెట్టాలనిపిస్తుంది.

ఇంకో విశేషం. పొద్దున పెద్దలకు బియ్యం ఇచ్చిన ఆ రోజు సాయంత్రమే ఎంగిలిపూల బతుకమ్మ. మధ్యాహ్నం దాకా పోయినవాళ్ల తలపులతో బరువెక్కిన ఇంట్లో, పొద్దు గుంకే వేళకు తంగేడు పూలు, గునుగు పూలు, పాటలు. ఒక్క రోజులో ఆ రెండూ పట్టడం మన పండుగల గొప్పతనం.

సమాధుల దగ్గర దీపాలు

నారాయణగూడలో పాత క్రైస్తవ శ్మశానం ఉంది. ఏటా నవంబరు 2న ఆత్మల దినం. కుటుంబాలు ముందే వచ్చి సమాధులు కడిగి, సున్నం వేసి, ఆ రోజు పూలు చల్లి కొవ్వొత్తులు వెలిగిస్తాయి.

ముస్లింల ఇళ్లలో నలభయ్యో రోజు చెహ్లుమ్. ఫాతెహా చదివి, వండింది నలుగురికీ పంచుతారు. పోయినవారి పేరున బావి తవ్వించడం, చెట్టు నాటించడం, చదువు చెప్పించడం లాంటి దానాలను సదకా జారియా అంటారు. ఆ నీళ్లు తాగేవాళ్లు, ఆ నీడన కూర్చునేవాళ్లు ఉన్నంతకాలం పుణ్యం అందుతూనే ఉంటుందని నమ్మకం. హైదరాబాద్ పాత వీధుల్లో ఎండాకాలం ఎవరి పేరో రాసి పెట్టిన చల్లటి నీళ్ల కుండ కనిపిస్తే, దాని వెనక ఈ నమ్మకం ఉండొచ్చు.

కరీంనగర్‌లో కొన్ని దళిత కుటుంబాలు దీపావళిని కార్ఖానగడ్డ శ్మశానంలోనే చేసుకుంటాయి. తమ పెద్దల సమాధులకు రంగులు వేసి, వాళ్లకు ఇష్టమైన వంటకాలు పెట్టి, దీపాలు వెలిగించి, పిల్లలతో అక్కడే టపాకాయలు కాల్పిస్తారు. మెక్సికోలో సమాధుల దగ్గర జరిగే పండుగ గురించి మన పత్రికలు రంగుల పేజీలు వేస్తుంటాయి. కరీంనగర్ కార్ఖానగడ్డకు కూడా అంత చోటు ఇవ్వాలి.

తద్దినం సంగీతోత్సవం అయిన తీరు

చిక్కడపల్లి త్యాగరాయ గానసభలో ప్రధాన వేదిక పేరు కళా సుబ్బారావు కళావేదిక. ఆ సభ నిలదొక్కుకోవడానికి పాటుపడిన కళా సుబ్బారావును తలచుకునే పేరు అది. అంటే ఒకే భవనంలో త్యాగరాజు, సుబ్బారావు ఇద్దరి స్మృతీ ఉంది.

అసలు త్యాగరాజ ఆరాధన అంటేనే ఆయన కన్నుమూసిన తిథి, పుష్య బహుళ పంచమి. 1847లో తిరువయ్యారులో ఆయన సమాధి అయ్యారు. తర్వాతి కాలంలో ఆ సమాధి పాడుబడింది. దాన్ని బాగుచేయించి, గుడి కట్టించింది బెంగళూరు నాగరత్నమ్మ. దేవదాసీ కుటుంబంలో పుట్టిన గాయని. 1920లలో తన నగలు, కూడబెట్టిన డబ్బు ఆ గుడికే ధారపోశారు. అయితే అప్పట్లో ఆరాధనలో ఆడవాళ్లు పాడకూడదు! గుడి కట్టించిన మనిషికే అక్కడ పాడే హక్కు లేదు. ఆమె వెనక్కి తగ్గలేదు. ఆడవాళ్లతో విడిగా ఆరాధన మొదలుపెట్టారు. క్రమంగా అందరూ కలిసి పాడే రోజు వచ్చింది. 1952లో పోయేముందు ఆస్తిని కూడా ఆ సేవకే రాసిచ్చారు. తన గురువు కాడు, తండ్రి కాడు; పాటల్లో తప్ప ఎన్నడూ చూడని ఒక మనిషి కోసం ఇంత చేశారామె.

ధర్మనిధి ఎలా నడుస్తుంది?

ఈ చుట్టుపక్కల సభల ఆహ్వాన పత్రాలు చూస్తే స్మారకోపన్యాసం, ధర్మనిధి పురస్కారం అన్న మాటలు తరచు కనిపిస్తాయి. తిలక్ రోడ్డులోని తెలుగు సారస్వత పరిషత్తు 1943లో పుట్టింది. దాని సభామందిరానికి ఆ సంస్థ కోసం జీవితం వెచ్చించిన దేవులపల్లి రామానుజరావు పేరు పెట్టారు. ఇలాంటి సంస్థల్లో ఒక కుటుంబం తమ పెద్దల పేరున కొంత మొత్తం కడుతుంది. సంస్థ దాన్ని బ్యాంకులో వేస్తుంది. అసలు ముట్టుకోరు, ఏటా వచ్చే వడ్డీతో ఒక ఉపన్యాసమో, ఒక రచయితకు పురస్కారమో, ఒక విద్యార్థికి బంగారు పతకమో. విశ్వవిద్యాలయాల స్నాతకోత్సవాల్లో చదివే పతకాల పేర్లు చాలావరకు ఇలాంటివే.

ఇందులో ఒక చిక్కుంది. ముప్ఫై ఏళ్ల కింద ఘనంగా అనిపించిన నిధికి ఇవాళ వచ్చే వడ్డీ శాలువా ఖరీదుకు కూడా చాలకపోవచ్చు. వడ్డీ రేట్లు తగ్గాయి, ధరలు పెరిగాయి. అమ్మానాన్నల పేరున అలాంటి నిధి ఉన్నవాళ్లు ఓసారి సంస్థకు వెళ్లి లెక్క కనుక్కుని, అవసరమైతే మరికొంత కలపడం మంచిది. కొత్తగా పెట్టేవాళ్లు కూడా ఏటా వడ్డీలో కొంత భాగం అసలులో కలిపేలా ముందే రాయించుకోవాలి.

కవి సి. నారాయణరెడ్డి తన భార్య సుశీల పేరుతో ఏర్పాటు చేసిన పురస్కారం రచయిత్రులకు ఇచ్చేది. భార్య పేరున ఇంకో స్త్రీ కలానికి గౌరవం దక్కేలా చూడటం అందమైన ఆలోచన.

స్నేహితుడి పద్యం ఇంటి పేరైంది

చిక్కడపల్లిలో కమ్యూనిస్టు నాయకుడు డాక్టర్ రాజ్ బహదూర్ గౌర్ ఇంటి పేరు ‘చంబేలీ కా మండ్వా’. మల్లెపందిరి అన్నమాట. ఆయన ప్రాణస్నేహితుడు, కవి మఖ్దూం మొహియుద్దీన్ రాసిన ప్రసిద్ధ కవితలోని మాట అది. 1964లో ‘చా చా చా’ అనే హిందీ సినిమాలో ఆ కవిత పాటగా వచ్చింది. మఖ్దూం 1969లో పోయారు. గౌర్ 2011 దాకా ఉన్నారు. స్నేహితుడు పోయాక కూడా అతని మాటే గౌర్ గడప మీద ఉందన్నమాట. హిమాయత్‌నగర్‌లోని కమ్యూనిస్టు పార్టీ కార్యాలయం పేరు మఖ్దూం భవన్ అని అందరికీ తెలుసు. నాకైతే ఈ ఇంటి పేరే ఎక్కువ ఇష్టం.

తడిసిన పుస్తకాలను గడ్డకట్టించి బతికించారు

బాగ్‌లింగంపల్లిలోని సుందరయ్య విజ్ఞాన కేంద్రం పుచ్చలపల్లి సుందరయ్య స్మారకం. ఆయన 1985లో మరణించారు. తనకు వచ్చిన వారసత్వపు ఆస్తిని ఉద్యమానికి ఇచ్చేసి, సైకిలు మీద పార్లమెంటుకు వెళ్లిన మనిషి. ఆయనకు పుస్తకాలే ఆస్తి కాబట్టి స్మారకంగా గ్రంథాలయం కట్టారు. అబ్దుస్సమద్ ఖాన్ అనే పుస్తకప్రియుడు జీవితమంతా సేకరించిన అపురూపమైన ఉర్దూ పుస్తకాలు, పత్రికలు షికాగో విశ్వవిద్యాలయం చొరవతో ఇక్కడికి చేరాయి.

2000 ఆగస్టులో హైదరాబాద్‌ను ముంచిన వాన గుర్తుందా? ఆ నీళ్లు ఈ గ్రంథాలయంలోకి కూడా వచ్చి పుస్తకాలు తడిసి ముద్దయ్యాయి. తడి కాగితానికి రెండు మూడు రోజుల్లోనే బూజు పడుతుంది. ఎండలో పెడితే పుటలు అంటుకుపోతాయి. అందుకని పుస్తకాలను శీతల గిడ్డంగికి తరలించి గడ్డకట్టించారు. తర్వాత గాలి తీసేసిన గదిలో ఆ మంచు నీరుగా మారకుండా నేరుగా ఆవిరైపోయేలా ఆరబెట్టే పద్ధతి వాడారు. ఒకరి స్మృతికి కట్టిన ఇల్లు ఇంకొకరి జీవితకాల శ్రమను కాపాడింది.

ఒక పరిచారిక, ఒక ఇల్లాలు

రెడ్‌హిల్స్‌లోని నీలోఫర్ ఆసుపత్రి ఏడో నిజాం రెండో కోడలు నీలోఫర్ పేరుతో ఉంది. దాని వెనక ఉన్నది మాత్రం ఆమె పరిచారిక రఫతున్నీసా. 1949లో ప్రసవ సమయంలో సరైన వైద్యం అందక ఆమె చనిపోయింది. ఆ దుఃఖం తట్టుకోలేక నీలోఫర్ మామగారిని పట్టుబట్టి తల్లీబిడ్డల ఆసుపత్రి కోసం అడిగింది. 1953లో అది తెరుచుకుంది. అప్పటికి నీలోఫర్ ఈ ఊళ్లో లేదు, ఆ కుటుంబంతో బంధమూ తెగిపోయింది. బోర్డు మీద రఫతున్నీసా పేరు లేకపోయినా, అక్కడ కేరుమన్న ప్రతి బిడ్డకూ ఆమెతో ఒక బంధం ఉందనే నేను అనుకుంటాను.

ఎన్.టి. రామారావు భార్య బసవతారకం 1985లో క్యాన్సర్‌తో కన్నుమూశారు. ఆమె పేరున క్యాన్సర్ ఆసుపత్రి కట్టాలన్న సంకల్పానికి అమెరికాలోని తెలుగు వైద్యులు తోడయ్యారు. పేరులో ఇండో అమెరికన్ అన్నది అందుకే. 2000 జూన్ 22న ప్రధాని వాజ్‌పేయి దాన్ని ప్రారంభించారు. ఎన్టీఆర్ 1996లోనే పోయారు. భార్య పేరున రోగికి మంచం దక్కడం ఆయన చూడలేదు.

బొంబాయి టాటా మెమోరియల్ ఆసుపత్రి కథా ఇలాంటిదే. దొరాబ్జీ టాటా భార్య మెహెర్‌బాయి 1931లో రక్త క్యాన్సర్‌తో పోయారు. మరుసటి ఏడు ఆయనా పోయారు, కానీ ఆమె పేరున రక్త వ్యాధుల పరిశోధనకు నిధి ఏర్పాటు చేసే వెళ్లారు. ఆసుపత్రి 1941లో వచ్చింది. అమెరికాలో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం పదిహేనేళ్లకే టైఫాయిడ్‌తో పోయిన ఒక్కగానొక్క కొడుకు పేరున తల్లిదండ్రులు పెట్టిందే. ఇవాళ అక్కడ చదివే తెలుగు పిల్లల్లో ఎందరికి తెలుసో!

అన్నం పెట్టిన అమ్మల పేర్లు

తిరుమలలో భోజనం చేసిన భవనం పేరు గమనించారా? మాతృశ్రీ తరిగొండ వెంగమాంబ అన్నప్రసాద కేంద్రం. పద్దెనిమిదో శతాబ్దపు కవయిత్రి, బాల్యంలోనే భర్తను పోగొట్టుకున్న మనిషి. కొండ మీదికి చేరి యాత్రికులకు అన్నదానం చేశారు. రాత్రి ఏకాంతసేవలో ఆమె పేరున ముత్యాల హారతి ఇప్పటికీ ఇస్తారు. దేవస్థానం నిత్యాన్నదాన పథకం 1985 ఏప్రిల్‌లో మొదలైంది. ఇక్కడా లెక్క ధర్మనిధి లెక్కే, భక్తులిచ్చిన మొత్తం బ్యాంకులో ఉంటుంది, వడ్డీతో పొయ్యి వెలుగుతుంది.

కోనసీమలో లంకల గన్నవరం అనే ఊళ్లో డొక్కా సీతమ్మ గోదావరి దాటి వచ్చినవాళ్లకు వేళాపాళా చూడకుండా వండి పెట్టారు. 1909లో పోయారు. ఆంధ్రప్రదేశ్ బడుల్లో మధ్యాహ్న భోజనానికి 2024లో ఆమె పేరు పెట్టారు. నూరేళ్లు దాటాక ఆమె పేరు మళ్లీ పిల్లల పళ్లెం దగ్గరికే వచ్చింది. దీనికి మించిన పేరు ఆ పథకానికి దొరకదు.

నెత్తురు, కళ్లు, దేహం

నారాయణగూడలోని ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్)లో ప్రభుత్వ రక్తనిధి కేంద్రం ఉంది. నాన్న వర్ధంతికో, అమ్మ సంవత్సరీకానికో రక్తం ఇవ్వాలనుకునేవాళ్లకు కొన్ని సంగతులు. వయసు 18 నుంచి 65 మధ్య ఉండాలి. మగవాళ్లు మూడు నెలలకోసారి, ఆడవాళ్లు నాలుగు నెలలకోసారి ఇవ్వొచ్చు. ఒకరిచ్చిన రక్తాన్ని ఎర్రకణాలు, ప్లేట్‌లెట్లు, ప్లాస్మాగా విడదీసి ముగ్గురికి వాడొచ్చు. ప్లేట్‌లెట్లు మాత్రం అయిదు రోజులకు మించి నిలవ ఉండవు. పెద్ద శిబిరం పెట్టి ఒకే రోజు వందలమంది ఇవ్వడం కంటే, డెంగీ కాలంలో కుటుంబంలోని నలుగురు నాలుగు వారాల్లో వేర్వేరుగా వెళ్లి ఇస్తే ఎక్కువ ఉపయోగం.

కళ్లకు గడువు ఆరు గంటలే. అందుకే ఆ దుఃఖంలో కూడా ఎవరో ఒకరు గుర్తుపెట్టుకుని నేత్రనిధికి ఫోను చేయాలి. కనురెప్పలు మూసి, మీద తడి దూది పెట్టి, తల కింద దిండు ఎత్తుగా ఉంచి, ఫ్యాను ఆపేయాలి. శుక్లాల ఆపరేషన్ అయినవాళ్లూ, అద్దాలు పెట్టుకున్నవాళ్లూ, ముసలివాళ్లూ ఇవ్వొచ్చు. రెండు కార్నియాలతో ఇద్దరికి చూపు. బతికుండగా పత్రం రాసినా రాయకపోయినా, ఆ సమయానికి ఇంట్లోవాళ్ల సమ్మతే ముఖ్యం. బ్రెయిన్ డెడ్ అయినవారి అవయవాల కోసం నిమ్స్‌లో జీవన్‌దాన్ కార్యక్రమం 2013 నుంచి నడుస్తోంది.

రచయిత్రి అబ్బూరి ఛాయాదేవి భర్త వరదరాజేశ్వరరావు పోయాక ఆయన మీద ‘వరద స్మృతి’ అనే పుస్తకం తెచ్చారు. చివరి ఏళ్లు కొండాపూర్‌లో చండ్ర రాజేశ్వరరావు పేరున నడిచే వృద్ధాశ్రమంలో గడిపి, 2019లో కన్నుమూశారు. తన దేహం వైద్య విద్యార్థుల చదువుకు వెళ్లాలని ముందే రాసి పెట్టుకున్నారు.

పుస్తకాలు ఇవ్వాలనుకుంటే

అశోక్‌నగర్ గదుల్లో ఉంటూ ఉద్యోగ పరీక్షలకు చదివే పిల్లలు పొద్దున్నే చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయానికి చేరుకుంటారు. కుర్చీ దొరకడమే గగనం. నాన్న పేరున అక్కడికి పుస్తకాలు ఇవ్వాలనుకునేవాళ్లు అటక మీది పాత పుస్తకాలు మూటకట్టి తీసుకెళ్లకండి. ముందు లైబ్రేరియన్‌ను కలిసి ఏవి కావాలో అడగండి. పోటీ పరీక్షల పుస్తకాలకు ఏటా కొత్త ముద్రణ వస్తుంది, నిరుటివి ఎవరూ ముట్టరు. ఒకేసారి పదివేలు పెట్టి కొనేకంటే అయిదేళ్లపాటు ఏడాదికి రెండువేలవి కొని ఇవ్వడం మేలు. తెలంగాణ చరిత్ర, నిఘంటువులు, మంచి అట్లాసులు మాత్రం చాలా ఏళ్లు పనికొస్తాయి. లోపలి అట్ట మీద నాన్న పేరుతోపాటు ఆయన ఊరు, చేసిన పని కూడా ఒక వాక్యం రాయండి. సంస్థలకు డబ్బిచ్చేటప్పుడు రసీదు తీసుకోండి. పన్ను మినహాయింపు కావాలంటే సంస్థకు 80జి గుర్తింపు ఉండాలి, రెండువేలు దాటితే నగదు కాకుండా చెక్కు ద్వారానో ఆన్‌లైన్‌లోనో ఇవ్వాలి, కొత్త పన్ను విధానం ఎంచుకున్నవారికి ఆ మినహాయింపు వర్తించదు. పుస్తకాలు, బియ్యం లాంటి వస్తు రూపంలో ఇచ్చినవాటికి కూడా అది రాదు.